బెర్రీలు ఎవరు కడిగారు?

ఆ శుక్రవారం పొద్దున పొగమంచు దట్టంగా పట్టడంతో, ఎల్డన్ పడవ దగ్గరికి వెళ్ళే ఆలోచన మానుకుని రెండో కప్పు కాఫీ పోసుకున్నాడు. రేవు వైపు నుంచి పడవల్ని హెచ్చరించే హారన్ ఆగి ఆగి మూలుగుతోంది. పొయ్యి దగ్గర అతని భార్య రొసెల్లా పాన్‌కేకులు తిప్పుతోంది. ఆగస్టు మొదలై, కొండ మీది బయళ్ళన్నీ నీలంగా పండి, ఊరంతా బ్లూబెర్రీల పనిలో మునిగి ఉన్న రోజులవి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మా సముద్రపు మూల, ఆగస్టులో వేళ్ళు నీలంగా లేని మనిషి కనిపిస్తే ఒంట్లో బాగాలేదేమోనని అడుగుతారు.

ఎల్డన్ తల్లి ఆల్తియా వెనక కొట్టంలోకి వెళ్ళి పెద్ద ఫ్రీజర్ మూత ఎత్తింది. ఎనభైకి దగ్గర పడుతున్నా నడుం వంగని మనిషి. కొత్తగా తేబోయే బెర్రీలకు చోటు చేద్దామని ఆ వారంలో పెట్టిన సంచుల్ని సర్దబోయింది. అలవాటు కొద్దీ ఒక సంచి తీసి చెవి దగ్గర ఊపింది. సరిగ్గా గడ్డకట్టిన బెర్రీలు గులకరాళ్ళలా గలగలమనాలి. అది మోగలేదు. ఇంకోటి ఊపింది. అదీ మోగలేదు.

"ఏయ్ న్యూజెర్సీ! ఇట్రా!" అని కేకేసింది.

కోడల్ని ఆవిడ పేరు పెట్టి పిలవదు. న్యూజెర్సీ నుంచి పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ అదే పిలుపు. రొసెల్లా గరిటె పక్కన పెట్టి వచ్చేసరికి ఆల్తియా సంచిని తెచ్చి వంటింటి బల్ల మీద పడేసింది. ధబ్బుమని చప్పుడైంది.

"వీటిని బెర్రీలంటారా? వీటితో గోడ కట్టుకోవచ్చు! ఎవరు కడిగారు వీటిని?"

ఆ ఇంట్లో అది చిన్న ప్రశ్న కాదు. బెర్రీని దాచుకునేటప్పుడు నీళ్ళు తగలనివ్వకూడదు. దుప్పటి మీద పరిచి, ఆకూ పుల్లా పచ్చికాయా ఏరేసి, పొడిగా ఉన్నవాటిని అలాగే సంచుల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాలి. కడగడమన్నది వండే క్షణంలోనే. కడిగి పెడితే ఒకదానికొకటి అతుక్కుని రాయైపోతాయి. ఆ తర్వాత చలికాలమంతా ఒక గుప్పెడు బెర్రీల కోసం సుత్తి పట్టుకుని కూచోవాలి. "పండు మీదున్న తెల్లపొడి దాని చొక్కా. చొక్కా విప్పి చలిలోకి తోస్తే ఎవరైనా బతుకుతారా?" అని ఆల్తియా ఊళ్ళో ఎంతమంది కొత్త పెళ్ళికూతుళ్ళకు చెప్పిందో లెక్కలేదు.

రొసెల్లా ఒక్కసారి మొగుడి వైపు చూసింది. అతను కప్పు దించి ఇద్దరినీ చూస్తున్నాడు.

"నేనేనమ్మా, నేనే కడిగాను," అంది.

"అనుకున్నా! మీ ఊళ్ళో పండేవి బెర్రీలా, ద్రాక్షపళ్ళా! వాటిని కడిగినా, ఉతికినా, ఇస్త్రీ చేసినా ఏం కావు. ఇవి అడివి బెర్రీలు. వేలెడెత్తు మొక్కకి కాసేవి. వీటికి సిగ్గూ ఎగ్గూ ఉంటాయి!" అంటూ ఆల్తియా కుర్చీలో కూలబడింది. కాసేపటికి కోపం దిగి కన్నీళ్ళొచ్చాయి. "ఏడాది తిండి. అంతా నాశనం చేశావు కదే."

పాన్‌కేకు మాడిన వాసన వస్తే రొసెల్లా వెళ్ళి దాన్ని చెత్తబుట్టలో వేసింది.

కడిగింది రొసెల్లా కాదు.

ఆ వారం మొదట్లో బట్టలారేసి లోపలికి వచ్చిన రొసెల్లాకి, పంపు కింద జల్లెడ పట్టుకుని, కూనిరాగం తీస్తూ బెర్రీలు కడుగుతున్న అత్తగారు కనిపించింది. "అమ్మా, కడుగుతున్నారేంటి?" అని అడిగితే, ఆల్తియా వెనక్కి తిరిగి, "నా వంటింట్లో నాకు పాఠాలా?" అంది. ఆ కళ్ళలో వెటకారం లేదు. ఏం తప్పు చేశానో తెలియని చంటిపిల్ల బెదురుంది. అది చూసి రొసెల్లా మాట మార్చేసింది. అత్తగారు కాస్త నడుం వాల్చగానే దుప్పటి పరిచి, ఫ్యాను పెట్టి, తువ్వాలుతో అద్ది, తడి ఆరిందనుకుని సంచులు కట్టింది. బెర్రీ తడి అంత తొందరగా వదలదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా చూస్తూ ఊరుకోలేకపోయింది.

నిజం చెప్పకపోవడానికి కారణముంది. జూన్‌లో ఆల్తియా పంచదార పాకం పొయ్యి మీద పెట్టి తోటలోకి వెళ్ళి మరిచిపోయింది. గిన్నె మాడి, కర్టెన్ అంటుకుని, గోడ నల్లబడింది. ఆ రోజే ఎల్డన్ తల్లి దగ్గర కారు తాళాలు తీసేసుకున్నాడు. "ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే అమ్మని ఎల్స్‌వర్త్‌లో వృద్ధుల హోములో చేరుస్తాను. నేను సముద్రం మీదుంటాను, నువ్వు స్కూలు వంటింట్లో ఉంటావు. ఇంటికొచ్చేసరికి అమ్మ బూడిదైపోయి ఉంటే ఏం చేస్తాం?" అని భార్యతో అన్నాడు. అతనిది కఠినం కాదు, భయం. కానీ భయపడ్డవాడు ఎంత పనైనా చేస్తాడు. పుట్టినప్పటి నుంచీ ఈ బయళ్ళు చూస్తూ బతికిన మనిషిని తీసుకెళ్ళి, కిటికీలోంచి కార్లు తప్ప ఏమీ కనిపించని గదిలో పెడితే ఒక్క చలికాలం కూడా గడవదని రొసెల్లాకి తెలుసు. అందుకే ఆ నింద నెత్తిన వేసుకుంది.

పొగమంచు విడిపోయాక అత్తాకోడళ్ళు బెర్రీలు కొనడానికి బయల్దేరారు. మర్నాడు ఊరి హాల్లో బెర్రీ విందు. మొదటి బల్ల మీద, పిండి రొట్టెలో బెర్రీలు నింపి ఆల్తియా కాల్చిన పైలు లేని విందు ఆ ఊళ్ళో చాలామంది ఎరగరు. కారు రొసెల్లా నడిపింది. "నా కారులో నేను చుట్టాన్నయ్యాను," అని ఆల్తియా దారంతా సణిగింది.

రోడ్డు పక్కన ఫెర్న్ పెట్టుకున్న దుకాణంలో అప్పుడే తూర్పారపట్టి తెచ్చిన బెర్రీలు పెట్టెల నిండా ఉన్నాయి. ఫెర్న్, ఆల్తియా చిన్నప్పుడు ఒకే బయలులో పక్కపక్కన వంగి, దువ్వెన లాంటి పళ్ళ చేటతో బెర్రీలు దువ్వినవాళ్ళు.

"పైన చూసి కొనేది పట్నం వాళ్ళు," అంటూ ఆల్తియా పెట్టె ఎత్తి అడుగు చూసింది. అట్ట తడిసి నీలం మరక పడి ఉంది. "ఇది నీ మొగుడికి పెట్టుకో. అడుగున చితికాయి." ఇంకో పెట్టె అడుగు పొడిగా ఉంది. గుప్పెడు తీసి వేళ్ళ సందుల్లోంచి జారవిడిచింది. ఒక్కొక్కటీ విడిగా రాలాయి. "ఎర్రవి ఎక్కువున్నాయేమే? కోశాక ఇంట్లో పండుతాయా ఇవి? ఏరేసిచ్చి అప్పుడు మాట్లాడు."

"నీ కళ్ళకి ముసలితనం రాలేదే తల్లీ," అని నవ్వింది ఫెర్న్.

రొసెల్లా మనసు కాస్త తేలికపడింది. ఇంత తెలిసిన మనిషికి ఏమీ కాలేదేమో, ఆ ఒక్క రోజే ఏదో పరధ్యానమేమో అనుకుంది. అంతలో ఆల్తియా గొంతు పెంచింది.

"కళ్ళుండి ఏం లాభం, ఇంట్లో వాళ్ళకి బుద్ధి లేనప్పుడు? ఈ న్యూజెర్సీ పిల్ల ఏం చేసిందో తెలుసా? బెర్రీలన్నీ శుభ్రంగా కడిగి ఫ్రీజర్‌లో పెట్టింది!"

పెట్టెలు ఎంచుకుంటున్న ఆడవాళ్ళందరూ తలలు తిప్పారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కడిగిందా! సబ్బు కూడా పెట్టావామ్మా?" అంది ఫెర్న్.

అందరూ నవ్వారు. రొసెల్లా కూడా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. తండ్రి బెర్రీ తోటలో పుట్టి పెరిగిన పిల్లకి ఆ నవ్వు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పెట్టెలు తీసుకెళ్ళి కారులో పెట్టి, వెనక డోరు చాటున కళ్ళు తుడుచుకుంది.

తిరుగుదారిలో ఆల్తియా ఒక పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచుంది. చాలా దూరం వచ్చాక నెమ్మదిగా అంది. "మా అత్తగారు నాకు నేర్పింది. ఆవిడకి వాళ్ళత్తగారు. నేను పోతే ఇక ఈ ఇంట్లో పై వండేవాళ్ళుండరు. నా దిగులదే." అది తిట్టు కాదు. తిట్టయితే బాగుండేదని రొసెల్లా అనుకుంది.

ఇంటికి రాగానే ఆల్తియా వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, కోడల్ని గుమ్మం బయటే ఆపేసింది. "నువ్వు ముట్టుకోకు. ఒకసారి చేసింది చాలు."

రొసెల్లా వెళ్ళి వాకిట్లో మెట్ల మీద కూచుంది. ఎల్డన్ లాబ్‌స్టర్లు పట్టే బోను ఒకటి బాగుచేస్తూ అక్కడే ఉన్నాడు. చేతిలో పని ఆపి భార్య ముందు నిలబడ్డాడు.

"నాకొక్కటి చెప్పు. మన పెళ్ళికి ముందు మీ నాన్న నన్ను బెర్రీల షెడ్డంతా తిప్పి, నీటిచుక్క పడితే పండు దక్కదని పాఠం చెప్పాడు. ఆయన కూతురివి నువ్వు. నువ్వెలా కడిగావ్?"

"మరిచిపోయాను."

"మరిచిపోయావా? ఇదేమైనా మరిచిపోయే సంగతా?"

"మనిషన్నాక మరిచిపోరా, ఎల్డన్?"

"మరిచిపోలేదు నువ్వు. కావాలనే చేశావు. ఇన్నేళ్ళూ అమ్మ అన్న మాటలన్నీ లోపల దాచుకుని, ఆవిడకి ఎక్కడ నొప్పి పుడుతుందో చూసి అక్కడే కొట్టావు. ముసలిదాన్ని ఏడిపిస్తే నీకేమొచ్చింది?"

నిజం రొసెల్లా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే తను బయటపడుతుంది, కానీ అత్తగారు ఇంటికి దూరమవుతుంది. పళ్ళు బిగపట్టి, "నీకెలా అనిపిస్తే అలాగే అనుకో," అంది.

"కనీసం క్షమించమని..."

అతని మాట మధ్యలోనే ఆగిపోయింది. లోపల పంపు తిప్పిన చప్పుడు. నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ వెంటే సన్నగా కూనిరాగం.

రొసెల్లా గబుక్కున లేచింది. ఆమె మొహంలో భయం చూసి ఎల్డన్ ఆమె కంటే ముందు గుమ్మం దాటాడు.

ఆల్తియా పంపు కింద జల్లెడ పట్టుకుని ఉంది. పొద్దున తనే ఏరి తెచ్చిన బెర్రీలు జల్లెడ నిండా మునిగి ఉన్నాయి. పక్కన బల్ల మీద దుప్పటి పొడిగా పరిచి ఉంది, ఫ్రీజర్ సంచులు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ ఎంతో సంతోషంగా ఉంది.

"అమ్మా..." అన్నాడు ఎల్డన్.

రొసెల్లా అతన్ని తోసుకుంటూ వెళ్ళి తన రెండు చేతులూ జల్లెడలో పెట్టేసింది. "నేనే కడిగి పెట్టమన్నాను! రేపటి పైల కోసం. అమ్మ నా మాట విని కడుగుతున్నారంతే!"

ఎల్డన్ భార్య మొహం వైపు చూశాడు. నీళ్ళలో మునిగిన ఆ చేతుల వైపు చూశాడు. ఇంకేమీ ఎవరూ చెప్పక్కరలేకపోయింది. వాకిట్లో తను అన్న ఒక్కో మాటా తిరిగి వచ్చి అతని గుండెల్లో గుచ్చుకుంది.

ఆల్తియా నెమ్మదిగా పంపు కట్టింది. పొడి దుప్పటిని చూసింది, సంచుల్ని చూసింది. చొక్కా ఊడిపోయి నల్లగా మెరుస్తున్న బెర్రీల్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"నువ్వు నన్ను కడగమనలేదు," అంది కోడలితో.

"అన్నానమ్మా, మీరే మరి..." అని రొసెల్లా ఆగిపోయింది.

"మొన్నటివి కూడా నేనేనా?"

"కాదమ్మా. అవి నేనే. ఒట్టు."

"నీకు అబద్ధమాడటం చేతకాదే. ఇన్నేళ్ళు నా దగ్గరుండి అది కూడా నేర్చుకోలేదు." అరచేతిలోని బెర్రీల్ని జల్లెడలోకి వదిలేసింది. "అంతమంది ముందు నిన్ను ఆడిపోసుకున్నాను కదే. నోరు తెరిచి ఒక్క మాట అనలేదేం?"

"అంటే మిమ్మల్ని ఎల్స్‌వర్త్ పంపించేస్తాడని..."

ఎల్డన్ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూచున్నాడు. తుఫానులో పడవ తిప్పుకొచ్చే మనిషి మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు. ఆల్తియా తడిచేతుల్ని ఏప్రన్‌కి తుడుచుకోవడం మరిచి అలాగే నిలబడింది. నీలం నీళ్ళు మోచేతుల నుంచి నేల మీదికి కారాయి.

"నాకు భయంగా ఉందే, రొసెల్లా," అంది. "ఈ చేతులు నావే, కానీ ఏం చేస్తున్నాయో నాకు చెప్పడం లేదు."

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ పిలుపు కోసం ఎన్నాళ్ళో ఎదురుచూసిన రొసెల్లాకి, ఇలా వింటానని తెలిస్తే ఎదురుచూసేదే కాదనిపించింది. అత్తగారిని పొదివి పట్టుకుని కుర్చీలో కూచోబెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. ఏడుపు ఒక దారికి వచ్చాక రొసెల్లా ముక్కు తుడుచుకుని అడిగింది.

"అమ్మా, ఈ కడిగిన బెర్రీల్ని ఇప్పుడేం చెయ్యాలి?"

ఆల్తియా తలెత్తింది. ఎక్కడి నుంచో జవాబు వచ్చేసింది. "కడిగినవి కడిగిన రోజే పొయ్యెక్కాలి."

"అయితే పిండి తీయనా?"

"పిండిలో కలపడానికి పంది కొవ్వు కూడా తియ్యి. చల్లగా ఉందో లేదో చూడు. కరిగిందైతే నాకొద్దు."

సాయంత్రం దాకా ఆ వంటింట్లో పొయ్యి ఆరలేదు. సగం బెర్రీల్ని పంచదార, నిమ్మరసం వేసి చిక్కబడేదాకా ఉడికించి, మిగతా సగం పచ్చివే కలపాలి. అప్పుడే పైలో పండు పండులా తగులుతుంది. ఆల్తియా చేతులు పిండిలో పడగానే తమ పని తాము చేసుకుపోయాయి. ఉప్పు వేశానో లేదో అని మాత్రం మాటిమాటికీ అడిగింది. అడిగిన ప్రతిసారీ "వేశారమ్మా" అంది రొసెల్లా. ఎల్డన్ భార్య పక్కకి వచ్చి, "నేనన్న మాటలు..." అని మొదలుపెట్టాడు.

"ముందు ఆ నిమ్మకాయ పిండు," అంది రొసెల్లా. అతను నిమ్మకాయ అందుకోగానే, "హోము మాట ఇంకెప్పుడూ నా ముందు ఎత్తకు. స్కూలు తెరిచాక నేను సగం రోజే వెళ్తాను. మిగతా సగం ఎవరుంటారో ఇద్దరం ఆలోచిద్దాం," అంది. అతను తలూపి నిమ్మకాయ పిండాడు. గింజలన్నీ అందులోనే పడ్డాయి. తల్లీ భార్యా కలిసి తిట్టారు.

శనివారం హాలు నిండిపోయింది. మొదటి బల్ల మీద పైలు కోసే ముందు ఆల్తియా గరిటెతో గ్లాసు మీద కొట్టింది. ఆవిడ ఎప్పుడూ అలా చేసే మనిషి కాదు. అందరూ మాటలాపారు.

"నిన్న ఫెర్న్ దుకాణం దగ్గర నా కోడలు బెర్రీలు కడిగిందని చెప్పాను. నవ్వారు మీరు. కడిగింది అది కాదు, నేను. నాకు మతి తప్పుతోంది. నా పరువు కోసం అది తన పరువు పారేసుకుంది. నాకు కూతురుంటే కూడా అంత పని చేసేది కాదు." ఊపిరి తీసుకుంది. "ఈ మాట రేపు నేనే మరిచిపోవచ్చు. మరిచిపోతే మీరెవరైనా నాకు గుర్తుచెయ్యండి. మొహమాటపడకండి."

ఫెర్న్ లేచి వచ్చి రొసెల్లా చెయ్యి పట్టుకుంది. పై ముక్క తీసుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే తింది.

మర్నాడు ఆదివారం. ఎండాకాలపు ఆదివారాల్లో మా సముద్రంలో బోనులు ఎత్తకూడదని చట్టం. ఎల్డన్ ఇంట్లోనే ఉన్నాడు. పొగమంచు లేదు, కిటికీలోంచి బయలు నీలంగా మెరుస్తోంది. రొసెల్లా పొయ్యి దగ్గర పాన్‌కేకులు తిప్పుతోంది. వెనక కొట్టంలో ఫ్రీజర్ మూత చప్పుడైంది.

"ఏయ్ న్యూజెర్సీ! ఇట్రా!"

రొసెల్లా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆల్తియా సంచి ఒకటి గుండెలకి పట్టుకుని వచ్చి బల్ల మీద పడేసింది. ధబ్బుమంది.

"చూడండి, రాయైపోయాయి! ఏడాది తిండి. ఎవరు కడిగారు వీటిని?"

ఆ కళ్ళలో శుక్రవారం లేదు, శనివారం లేదు. హాల్లో చెప్పిన మాటా లేదు. గుర్తుచెయ్యమని తనే అడిగింది. కానీ ఆ మొహం చూస్తూ ఎవరు చేయగలరు? రొసెల్లా గొంతు సవరించుకుంది. ఆమె నోరు తెరిచేలోగా ఎల్డన్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"నేనేనమ్మా."

"నువ్వా!" ఆల్తియా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "చేపలు కడిగినట్టు కడిగేశావా? ఇంత వయసొచ్చింది, పండు చొక్కా విప్పకూడదని తెలీదా నీకు?"

"తెలీక చేశానమ్మా. తప్పైపోయింది."

"తప్పైపోయిందట!" ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వైనా వీడికి చెప్పొద్దూ, న్యూజెర్సీ? వీడంటే మగాడు, వీడికేం తెలుసు. నువ్వు బెర్రీ రైతు బిడ్డవి. నువ్వున్న ఇంట్లో ఇలా జరగొచ్చా?"

పదేళ్ళ కాపురంలో ఆ నోట 'బెర్రీ రైతు బిడ్డవి' అన్న మాట రావడం మొదటిసారి. అన్న మనిషికే అది రేపటికి గుర్తుండదు. రొసెల్లా పొయ్యి వైపు తిరిగి నిలబడింది. కన్నీళ్ళు పెనం అంచు మీద పడి చుర్రుమన్నాయి.

"చెబుతానమ్మా, ఈసారి దగ్గరుండి చూసుకుంటాను," అంది.

ఎల్డన్ తల్లి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. సంచి పట్టుకుని మంచులా చల్లబడి ఉన్నాయి. వాటిని తన అరచేతుల మధ్య రుద్దుతూ, "ఇంకెప్పుడూ కడగనమ్మా," అన్నాడు.